కళ్లు తెరిచి చేసిన ప్రార్థన

మా తోడికోడలికి ప్రార్థన నేర్పించింది నేనే. ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. పెళ్లై వచ్చిన కొత్తలో కళ్లు మూసుకుంటే ఆమెకు నవ్వొచ్చేది. ముందు స్తుతించాలి, తర్వాత తప్పులు ఒప్పుకోవాలి, అడగడం ఆఖర్న అని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఇప్పుడు జనం నంద్యాలలో మా ఇంటి ముందు నుంచే బస్టాండుకు నడిచిపోయి, ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కడ కాపురముంటున్న ఆమెతో జబ్బులు తగ్గాలని ప్రార్థన చేయించుకుని వస్తున్నారు. బనగానపల్లె నుంచి కూడా వస్తారట. ఆమె వీధిలో విగ్రహాలు చెక్కే ఇంటామె సైతం బిడ్డకు జ్వరమొస్తే ఎత్తుకొస్తుందట. మా పక్కింటివాళ్లు నన్ను అడిగేది పెరుగు తోడు మాత్రమే.

నా కడుపుమంటకు నేను పెట్టుకున్న పేరు భారం. "మా తోడికోడలి గురించి నాకు భారంగా ఉంది, ఆమెకు గర్వం రాకుండా ప్రార్థన చేయండి" అని చర్చిలో స్త్రీల కూడికలో అడిగాను కూడా. పాపం, అందరూ కళ్లు మూసుకుని చేశారు.

ఇంతలో మా ఆయనకు నడుము పట్టేసింది. మందులు వాడుతున్నాడు. రోజూ పొద్దున నేను నూనె రాసి ప్రార్థన చేసేదాన్ని. ఒకనాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఆళ్లగడ్డకు పోదాం పా. మరదలితో ఒకసారి ప్రార్థన చేయించుకుందాం" అన్నాడు.

"నేను చేస్తాండేది ఏందీ మరి?"

"నువ్వూ చెయ్. వద్దంటినా?"

ఒళ్లు మండిపోయింది. బస్సులో ఆయన పక్క సీటు ఖాళీగా ఉన్నా పోయి వెనక కూర్చున్నాను.

మేం పోయేసరికి ఆమె జొన్నరొట్టెలు చేస్తోంది. పిండి చేతులు కడుక్కుని వచ్చి, బావకు స్టూలు వేసింది. బావను తాకకూడదు కదా, అందుకని, "అక్కా, నడుం మీద నువ్వు చెయ్యి పెట్టు. నేను ప్రార్థన చేస్తా" అంది. చెయ్యి నాది, పేరు ఆమెది. వాళ్లిద్దరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఏం చేసి ఇంత జనాన్ని పోగేసిందో చూద్దామనుకున్నాను. స్తుతి లేదు, ఒప్పుకోలు లేదు. తడబడుతూ నాలుగు మాటలు అంది. మధ్యలో ఆగిపోయింది. వీధిలోంచి ఉలి చప్పుడు వినబడుతోంది. మళ్లీ ఏదో అని ఆమేన్ అనేసింది. ఈ మాత్రానికేనా బస్సులెక్కి వస్తున్నారు అనుకున్నాను.

తిరుగు బస్సులో మా ఆయన, "రవ్వంత తేలిగ్గా ఉన్నట్టుందే" అన్నాడు. తెల్లారేసరికి ఆ నొప్పి మళ్లీ రావాలి అనుకున్నాను. నోటితో అనలేదంతే.

పొద్దున మంచం మీంచి లేస్తూ ఆయన "అబ్బా" అని నడుం పట్టుకున్నాడు. నేను కాఫీ పెట్టడానికి వంటింట్లోకి పోయాను. పాలు కాగుతుండగా తెలిసొచ్చింది, నేను స్తుతి పాట కూనిరాగం తీస్తున్నాను. మూలిగిన మనిషి నా మొగుడు. నాకేమో పాట వస్తోంది. పాట ఆపేసి పాలు దించాను.

అయినా ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను. సిగ్గుపడి చేశానంటే అబద్ధమవుతుంది. నొప్పి తగ్గలేదని ఆమె చెవిన వేయాలనే చేశాను. గొంతులో కొంచెం జాలి కూడా కలుపుకున్నాను.

"మీ బావకు నొప్పి అట్లనే ఉందమ్మా."

"నేను అనుకుంటానే ఉన్నానక్కా" అంది. "నిన్న నోట్లోంచి మాటే రాకపాయ. నేర్పించినదానివి, నువ్వు పక్కనుంటే యాడ తప్పు పోతానో అని భయం. దేవుని దిక్కు లేదు నా మనసు, నీ దిక్కే ఉంది. బావకు తగ్గాలని కాదక్కా, నువ్వు మెచ్చుకోవాలని చేసినా. అప్పట్నుంచీ అదే బాధ పడతాండా."

ఒప్పుకోవడం నేర్పించింది నేను. ఒప్పుకున్నది ఆమె. దాని మీద కూడా నాకు అసూయే కలిగింది.

"సరేలే, ఇప్పుడు చెయ్ అయితే" అన్నాను.

"లేదక్కా. ఈ పొద్దు నువ్వు చెయ్. నేను ఈడ్నుంచి ఆమేన్ అంటా."

ఫోన్ స్పీకర్లో పెట్టి మంచం మీద ఉంచాను. ఆయన వెనక కూర్చుని నడుం మీద చెయ్యి వేశాను. కళ్లు మూసుకున్నాను. ఎన్నేళ్లుగానో స్తుతితో మొదలుపెట్టే నోటికి ఆ పొద్దు స్తుతి రాలేదు.

"ప్రభువా, ఈయనకు నొప్పి తగ్గకూడదని నిన్న నేను కోరుకున్నాను" అన్నాను.

నా చేతి కింద మా ఆయన నడుం బిగుసుకుంది. ఫోన్లోంచి ఆమేన్ రావడానికి చాలాసేపు పట్టింది.