లెండింగ్ కౌంటర్‌లో తెల్లమచ్చల చేతులు

1968 జూలైలో నాకు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. లెండింగ్ కౌంటర్‌లో వేశారు. పుస్తకం కార్డును పాఠకుడి పేరున్న జేబులాంటి టికెట్టులో దోపి, గడువు తేదీ ముద్ర వేసి, పుస్తకం చేతికివ్వాలి. చిక్కంతా ఆ చేతులతోనే. పద్నాలుగో ఏటి నుంచి నాకు బొల్లి. మోచేతుల దాకా తెల్లమచ్చలు.

కొందరు పుస్తకాన్ని బల్ల మీద పెట్టమనేవారు. మిగతావారంతా వైద్యులే. తార్నాకలో మా ఇంటి ఓనరమ్మ బావంచాల నూనె రాయమనేది. చర్చిలో పాస్టరమ్మగారు ఉపవాసముండమన్నారు. బస్‌స్టాపులో ముక్కూమొహం తెలియని ఒకాయన, “చేపలు తిని పాలు తాగినవా ఏందమ్మా?” అని నిలదీశాడు. లేదంటే నమ్మలేదు.

సెప్టెంబరులో సూపరింటెండెంటు పిలిచి, రీడర్లు ఇబ్బంది పడుతున్నారు, బైండింగ్ గదికి మారమన్నారు. కౌంటర్‌లో ఏడాది చేస్తేనే నా ప్రొబేషన్ పూర్తయి ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ మాటే చెప్పాను. అయితే అంటువ్యాధి కాదని సర్టిఫికెట్ తెమ్మన్నారు. రెండు రోజులు ఆసుపత్రిలో నిలబడి తెచ్చాను. చదివి, “మనకు తెలుసమ్మా, వాళ్లకు తెలియాలిగా” అన్నారు. చివరికి గ్లౌజులు తొడుక్కోమన్నారు.

గ్లౌజులతో పల్చటి కార్డు వేళ్లకు దొరకదు. ఒకటి తీయబోతే మూడు వచ్చేవి. క్యూ గుమ్మం దాటింది. పని ఆలస్యమవుతోందని నాకే మెమో ఇచ్చారు!

ఒళ్లు మండిపోయింది. గ్లౌజులు తీసి ఆయన బల్ల మీద పెట్టి, “బైండింగ్‌కు వెళ్తాను సార్. ఎందుకు పంపుతున్నారో ఆర్డరులో రాయండి” అన్నాను. ఆయన కలం తీశారు. డాక్టరు సర్టిఫికెట్ ఫైల్లోనే ఉంది. అది చూసి కలానికి మూత పెట్టేశారు. వెళ్లి పని చూసుకోమన్నారు.

కౌంటర్‌కు వచ్చేసరికి అడిక్‌మెట్ అద్దె గదుల్లో ఉండే ఎం.ఏ. కుర్రాడొకడు విసుక్కుంటున్నాడు. “ఏంది మేడం, లైన్ జరుగుతనే లేదు! బస్సు పోతది.” వట్టి చేతులతోనే ముద్ర వేసి పుస్తకం అందించాను. లాక్కున్నట్టే తీసుకుని పరుగెత్తాడు. పక్కనున్న అటెండరు యాదగిరి, “గట్లనే కానియ్యమ్మా, జల్ది జల్ది” అన్నాడు.

మరుసటి ఏడు నా ఉద్యోగం ఖాయమైంది. అందరూ మారారని చెప్పను. సలహాలు రిటైరయ్యేదాకా వింటూనే ఉన్నాను. నేను నేర్చుకున్నది మాత్రం ఇది: పై అధికారి నోటితో చెప్పే కారణాన్ని వాదించి గెలవలేం. రాసిమ్మని అడగాలి. సంతకం పెట్టడానికి సిగ్గుపడే కారణాలే ఎక్కువ.