మంచు కట్టని గొట్టం

దయ్యాలూ శకునాలూ నేను నమ్మను. నేను పుట్టింది తమిళ సీమలోని ఏళాయిరంపన్నైలో. టపాకాయలు చుట్టే ఊళ్ళో జనానికి నిప్పంటేనే భయం, దయ్యాల గోల పట్టించుకునే తీరిక ఉండదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

తొంభైల చివర కోవిల్‌పట్టిలో ఒక విత్తన పరిశోధన కేంద్రంలో సహాయకురాలిగా చేరాను. పండ్ల చెట్ల గింజలను ఆరబెట్టి, చిన్న అల్యూమినియం గొట్టాల్లో పెట్టి, ద్రవ నైట్రోజన్ ఉన్న క్యాన్‌లో ముంచి ఉంచేవాళ్ళం. ఆ చలి ముందు ఐసు పెట్టె పొయ్యితో సమానం. వారానికోసారి క్యాన్ నింపడం నా పని.

అక్కడి పెద్దాయనది విరుదునగర్, ఇంట్లో తెలుగే. ఆఫీసంతా తమిళం మాట్లాడుతుంటే ఆయనొక్కడే నాతో మన మాట మాట్లాడేవాడు. అన్నా అని పిలిచేదాన్ని.

మా అమ్మ పెరట్లో ఒక దబ్బచెట్టు ఉండేది. మామూలు దబ్బకాయల్లా కాదు, దాని కాయకు బొత్తిగా చేదు లేదు. బావి ఎండి చెట్టు చచ్చిపోతుంటే, చివరి కాయల గింజలన్నీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. నా ఎదుటే గొట్టం మీద అమ్మ పేరు రాశాడు.

"బద్రంగా ఉంటాది పాపా. ముప్పై ఏండ్లయినా చావదు," అన్నాడు.

నైట్రోజన్‌లోంచి తీసిన గొట్టం గాలి తగలగానే తెల్లగా మంచు కడుతుంది. అన్నీ కడతాయి. అమ్మ పేరున్నది కట్టేది కాదు. తుడిచిపెట్టినట్టు మెరుస్తూ వచ్చేది. నెలనెలా పేర్లు సరిచూసేటప్పుడు గమనించేదాన్ని. దాన్ని క్యాన్ అడుగుకి మార్చాను, చేతి తొడుగులు మార్చాను. తేడా లేదు.

అమ్మ చేతి చలవ అనుకున్నాను, నా పిచ్చి. ఆరేడేళ్ళకు అమ్మ మంచం పట్టినప్పుడు ఆమెకూ అదే చెప్పాను. ఆమె ఎంతో సంబరపడింది.

"ఒక్క మొక్క మొలిపించి సూపీమే, సాలు," అంది.

అన్నను అడిగితే, ఇప్పుడు బయటికి తీస్తే పాడవుతాయన్నాడు. నమ్మాను. అమ్మ మొక్క చూడకుండానే పోయింది.

మరుసటి ఏడు విరుదునగర్‌లో ఆయన మనవరాలికి చెవులు కుట్టే విందుకి వెళ్ళాను. పెరుగన్నంలోకి దబ్బకాయ ఊరగాయ వేశారు. నోట్లో పెట్టుకున్నాను. చేదు లేదు. లేచి పెరట్లోకి వెళితే మూడు చెట్లు విరగకాసి ఉన్నాయి.

వెనకే వచ్చిన అన్న తడబడలేదు కూడా. "యిత్తులు ఆడుంటే ఏమి, మా యింట ఉంటే ఏమి పాపా. చెట్టు బతికిండాది గదా," అన్నాడు. గొట్టంలో అసలు పెట్టనే లేదట.

మళ్ళీ విస్తరి దగ్గరికి వెళ్ళకుండా బస్సెక్కాను. మర్నాడు గొట్టం తెరిచాను. ఖాళీ. కానీ ఖాళీదైనా మంచు కట్టాలి. ఇంకో ఖాళీ గొట్టం ముంచి చూస్తే కట్టింది. అమ్మ గొట్టానికి మళ్ళీ మూత బిగించి ముంచి తీశాను. ఈసారి అదీ కట్టింది, పేరు కనబడనంతగా.

అన్నేళ్ళూ అది నాకేదో చెప్పాలని చూసిందేమో. చదువుకున్నవాళ్ళను అడిగాను, ఎవరూ తేల్చలేదు. నాకు ఇవాళ్టికీ తెలియదు. మంచంలో ఉన్న అమ్మ చెయ్యి పట్టుకుని, నీ గింజలు క్షేమంగా ఉన్నాయని చెప్పింది మాత్రం నేనే.