స్కూటీ ఎటు పోతది?

మూడేళ్లుగా నేనొక సినిమా కథ రాస్తున్నాను. ఆ రోజు యూనివర్సిటీ క్యాంపస్‌లో బస్సెక్కగానే స్నేహితుడు ఫోన్‌కు పంపిన ట్రైలర్ ఒకటి నాకే సినిమా చూపించింది. కూతురు తల్లికి స్కూటీ నేర్పే కథ. నాదీ అదే. “ఆ తల్లి స్కూటీ కథ ఇంక రాయనురా, ఆపేస్తున్నా,” అని వాడికి ఫోన్ చేసి చెప్పి, ఏదో పెద్ద త్యాగం చేసినవాడిలా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

పక్క సీట్లో ఒక పెద్దామె. ఒళ్లో, క్యాంపస్‌లో కోసుకున్న తంగేడు పూల సంచి. నా మాటలన్నీ విన్నట్టుంది.

“ఎందుకు ఆపుడు బిడ్డా?”

“నా కథనే ఇంకొకళ్లు సినిమాగా తీసేశారమ్మా.”

ఆమె నవ్వింది. “మా గల్లీల ఇంటికో బతుకమ్మ. అన్నిట్ల గివే పూలు. పక్కింటామె పేర్చిందని నేను ఊకుంటనా? సరేగని, నీ కథల ఆ తల్లి స్కూటీ నేర్చుకొని ఎటు పోతది?”

మూడేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న. “ఎక్కడికీ కాదమ్మా. ఒక్కతే ఊరికే తిరిగొస్తుంది,” అని మొదలుపెట్టి, ఆమె ఊ కొడుతుంటే కథంతా చెప్పేశాను.

“అవ్వ! నేను దిగే తార్నాక దాటిపోయింది!” అంటూ ఆమె ఉలిక్కిపడి లేచింది. తర్వాతి స్టాపులో దిగుతూ వెనక్కి తిరిగింది. “నాదేముంది, నడుస్త తియ్. ఆ తల్లిని మాత్రం నడిరోడ్డు మీద ఆపకు బిడ్డా.”

ఆపలేదు. ఇంకా రాస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఆ తల్లి స్కూటీలో, కాళ్ల దగ్గర, ఒక తంగేడు పూల సంచి ఉంటుంది.