పిడుగు పడ్డ మనిషిని ముట్టుకోవచ్చు

పోయిన వారం కోరుట్లలో మా చిన్నబాపు చనిపోయాడు. పొద్దున మా ఇంటి వరండాలో చాయ్ తాగుతూ కుర్చీలోనే పక్కకు ఒరిగాడు. గుండె ఆగింది. ఉరుములు, మెరుపుల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త అని పేపరువాళ్లు నాలుగు లైన్లు వేశారు. ఆ పనే ఎందుకు పట్టుకున్నాడో వాళ్లకు తెలియదు. మా ఇంట్లో తెలుసు.

మాది గొల్లపల్లి పక్క ఊరు. మా బాపు కల్లు గీసేవాడు. చిన్నబాపు ఆయన తమ్ముడు, అప్పుడు జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాడు. తొలకరి రోజుల్లో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్ముకొస్తే బాపు చెట్టు దిగాడు. నడుముకున్న మోకుతాడు విప్పుతుండగా పక్క తాడిచెట్టు మీద పిడుగు పడింది. ఒంటి మీద గాయం లేదు, ఊపిరీ లేదు.

"ఒంట్ల కరెంటున్నది, ఎవలు ముట్టకుండ్రి" అని ఊరంతా ఒకటే అరుపు. పిడుగు పడ్డ మనిషిని పేడలో పాతితే కరెంటు దిగిపోయి లేస్తాడని మా వైపు నమ్మకం. బాపును ఆయన మోకుతోనే లాగి, పెంటకుప్ప తవ్వి మెడదాకా పాతారు. నాకు ఆ తల ఒక్కటే గుర్తు. అమ్మను దగ్గరికి పోనివ్వలేదు. దూరం నుంచే పేరు పెట్టి పిలుస్తోంది. మొగుడి పేరు ఆమె నోట విన్నది ఆ ఒక్క పూటే. బాపు లేవలేదు.

ఆ రోజు గడ్డపార పట్టినవాళ్లలో చిన్నబాపు కూడా ఉన్నాడు.

తర్వాత అమ్మ నన్ను తీసుకుని సిరిసిల్ల చేరింది. సాంచాల మధ్య కూర్చుని కండెలు చుట్టింది. ఆ మరమగ్గాలు ఆగిన నెలల్లో మా వాడకట్టులో పొయ్యి వెలిగేది కాదు. కొందరు భీవండి పోయారు, కొందరు దుబాయి పోయారు, ఒకరిద్దరు దూలానికి వేలాడారు. మేం నిలబడ్డది చిన్నబాపు పంపిన దానితోనే. ఎక్కడో దూరాన ఆయన మబ్బుల్లోకి బెలూన్లు వదిలి, వాటిలో కరెంటు ఎట్లా పోగవుతుందో కొలిచేవాడు. "మొగులు చూసుడే మీ చిన్నబాపు నౌకరి. జీతమిచ్చి మరీ చూపిస్తున్నది సర్కారు" అని అమ్మ నవ్వేది.

సెలవులకు వచ్చినప్పుడు ఆయన నవ్వేవాడు కాదు. చెట్టు మీద పడ్డ పిడుగు నేలలోకి దిగి పాకుతుందనీ, చాలామంది దానికే పోతారనీ నాకు చెప్పేవాడు. "ఉరుము ఇనవడ్డదంటే ఇప్పటికి బతికినవన్నట్టు. రెండోది నిన్నడిగి రాదు బిడ్డా."

అసలు మాట మాత్రం అమ్మకు చెప్పలేదు. అప్పటికి మేం సిరిసిల్ల విడిచి కోరుట్ల చేరాం. రిటైరై మా ఇంటి పై వాటాలో దిగాక ఒకనాడు చెప్పాడు. "వదినా, పిడుగువడ్డ మనిషి ఒంట్ల కరెంటుండది. గా కరెంటు కన్ను మూసి తెరిచేలోపల్నే పోతది. గుండె ఆగుతది గంతే. రొమ్ము మీద నొక్కితే కొందరు లేస్తరు. గా పూట అన్న బతికేటోడేమో. మనం ముట్టలే. చదువుకున్నోన్ని, నేను సుత గడ్డపార పట్టిన."

అమ్మ లేచి లోపలికి పోయింది. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం మాత్రం నా చేత పైకి పంపేది.

ఇదే మాట చెప్పడానికి ఆయన ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. గొల్లపల్లి, బుగ్గారం చుట్టుపక్కల నాట్ల కాలంలో పొలాల గట్ల మీదే నిలబడి చెప్పేవాడు. వయసులో ఉన్న మగవాళ్లంతా గల్ఫ్‌లో ఉన్నారు, బురదలో ఉన్నది ఆడవాళ్లూ ముసలివాళ్లూ. ఊక నింపిన సంచి మీద నొక్కి చూపిస్తే వాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. "మగోని రొమ్ము మీద చెయ్యేస్తమా సారూ? ఏమన్న అయితే?"

"సచ్చినోన్ని ఇంకేం సంపుతరమ్మా? నొక్కుండ్రి."

ఒకరోజు ఆయన బుగ్గారం బయలుదేరుతుంటే అమ్మ వచ్చి ఆటోలో కూర్చుంది. "ఎట్ల నొక్కాల్నో నాకు చూపియ్యి" అంది. అంతే, క్షమించానని అనలేదు. అప్పటి నుంచి ఆడవాళ్ల ముందు ఊక సంచి నొక్కింది అమ్మే. ఒక ఊళ్లో ఒకామె బతికిందని కబురొచ్చింది. ఇంకో ఊళ్లో ఒకతన్ని పేడలోనే పాతారనీ వచ్చింది. చిన్నబాపు ఆ రెండో కబురే తలుచుకుని కుమిలేవాడు.

పోయిన వారం ఆ పొద్దున ఆయన ఒరగగానే నేను అంబులెన్స్‌కు ఫోన్ చేయడానికి లోపలికి పరిగెత్తాను. అమ్మే ఆయన్ని నేల మీదికి లాగింది. మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. అంబులెన్స్ వాళ్లు వచ్చి చూసి "అవ్వా, ఇగ చాలు" అన్నా ఆపలేదు. చివరికి నేనే ఆమె భుజాలు పట్టి లేపాను. "మీ బాపును ముట్టనియ్యలే. మరిదినన్న ముట్టిన" అంది.

ఇవాళ మధ్యాహ్నం దూరంగా ఉరిమింది. అమ్మ వరండాలో ఆ ఖాళీ కుర్చీకి ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. ఒడిలో అరచేతి మీద అరచేయి, ఊక సంచి మీద పెట్టినట్టే.