రుక్మిణమ్మ అనుమానం

పోయిన వారం హిందూపురంలో మా ఆఫీసుకు తోటి ఉద్యోగిని ఒకామె కొత్త పట్టుచీర తెచ్చి అట్టపెట్టె మూత తీసింది. గంజి, కొత్త పట్టు, అట్ట కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. చీర బాగుందని అందరూ అంటుంటే నాకు మాత్రం ధర్మవరంలో రుక్మిణమ్మగారి ఆఫీసు గది, అక్కడ నేను చేసిన ఒక తప్పు గుర్తుకొచ్చాయి.

రెండు వేల సంవత్సరం దాటిన ఏడెనిమిదేళ్లకు నేను ఆమె దగ్గర కంప్యూటరు పనికి చేరాను. మాది పెనుకొండ. హిందూపురంలో డిగ్రీ చదువుతూ ప్రోగ్రాములు రాయడం కొంత నేర్చుకున్నాను. పొద్దున రైల్లో ధర్మవరం వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని. రుక్మిణమ్మగారు మగ్గాల వాళ్ల చేత పట్టుచీరలు నేయించి ఊరూరికీ పంపేవారు. ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. పట్టు తెచ్చినవాడి ఎదుటే దారం లాగి చూసేవారు. టపా వస్తే కవరు అతికించిన చోట వేలితో తడిమేవారు. నేను చేరిన రోజు నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, “ఇవన్నీ సరే పాపా. నా ఎదురుగా ఒక జాబు కొట్టు, చూస్తా” అన్నారు. ఆ మాటకు నేను చాలా రోజులు ముఖం ముడుచుకునే ఉన్నాను.

అంచులకూ కొంగులకూ డిజైన్లు గీసేది ఓబులేసన్న. ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గరే ఉన్నాడు. డిజైన్ల బీరువా బీగంచెవి అతని నడుముకే ఉండేది. ఆ ఏడు మేమింకా మగ్గం మీదికి ఎక్కించని రెండు అంచులు బెంగళూరులో ఒక దుకాణం చీరల మీద కనిపించాయి. ఇక ఆఫీసులో ఎవరు ఫోనెత్తినా మిగతావాళ్లు మాటలాపి వినడం మొదలైంది. ఎవరి సంచి ఎంత లావుగా ఉందో నేను కూడా చూసేదాన్ని.

అలాంటి రోజుల్లో ఆఫీసు చిరునామాకు ఒక మెయిల్ తిరిగొచ్చింది. అవతలివాళ్ల పెట్టె నిండిపోయి చేరలేదట. లోపలి జాబు రాలేదు, పైభాగం మాత్రమే వచ్చింది. పంపినవాడి పేరు దగ్గర ఓబులేసన్న పేరే ఉంది. పంపింది ఆ బెంగళూరు దుకాణానికి. విషయం అన్నచోట =?UTF-8?B?4LCu అని మొదలై అర్థంకాని అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. పంపిన జాబుల్లో వెతికితే దాని జాడ లేదు. చెరిపేసినట్టున్నాడు.

“ఇది దొంగ భాష కదా?” అన్నారు రుక్మిణమ్మగారు.

కాదని చెప్పాను. మెయిల్ పైభాగం ఇంగ్లీషు అక్షరాలనే మోయగలదు కాబట్టి అక్కడ తెలుగు రాస్తే ఇలా మారి ప్రయాణం చేస్తుందని, చేరినచోట మళ్లీ తెలుగవుతుందని, తిరిగొచ్చిన దాంట్లో మాత్రం అలాగే ఉండిపోయిందని వివరించాను. దాన్ని విప్పే చిన్న ప్రోగ్రాము ఆ మధ్యాహ్నమే రాశాను. ప్రశ్నార్థకాల నడుమ ఉన్న ముక్కను తీసుకుని తిరిగి తెలుగు చేయడమే దాని పని. తెర మీద “మీరడిగిన డిజైన్” అని వచ్చి, చివర ఒక ఖాళీ గడి మిగిలింది.

“ఆయనేనమ్మా,” అన్నాను. నా గొంతులో ఎంత ఉత్సాహం ఉందో ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

రుక్మిణమ్మగారు ఓబులేసన్నను పిలిచి, కారణం చెప్పకుండానే బీగంచెవి తీసుకున్నారు. అతను అడగలేదు కూడా. అతను వెళ్లాక ఆమె మళ్లీ తెర ముందు కూర్చుని ఆ గడి మీద వేలు పెట్టారు.

“ఇదేంటిది?”

“ఒక్క అక్షరం సరిగా రాలేదమ్మా.”

“సరిగా రానిది ఒక్కటేనని నీకు ఎవురు చెప్పిరి? వాన్ని అనుమానించినట్టే నీ ప్రోగ్రామునూ అనుమానిస్తా. ఇరవై ఏండ్లుగా ఉన్న మనిషిని సగం మాట మీద పంపించను.”

మర్నాడు కోపంతోనే మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు కనిపించింది నా తప్పు. పొడవైన విషయాన్ని మెయిల్ ముక్కలు చేసి వరుస కింద వరుసగా పంపుతుంది. నా ప్రోగ్రాము మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది. కింద ఇంకా రెండున్నాయి. వాటిని విడివిడిగా విప్పితే అతుకుల దగ్గర మళ్లీ గడులే వచ్చాయి. ఒక్కో తెలుగు అక్షరం కంప్యూటరు లోపల మూడు భాగాలుగా ఉంటుంది. ఆ విషయాన్ని ముక్కలుగా కోసిన తీరులో రెండు అక్షరాలు నడిమికి తెగిపోయాయి. మూడు ముక్కలనూ ముందు కలిపి, ఆ తర్వాత తెలుగు చేయాలి. అలా చేశాను.

“మీరడిగిన డిజైన్లు పంపేది నా వల్ల కాదు.”

రుక్మిణమ్మగారు రెండుసార్లు చదివించుకుని, ఓబులేసన్నను పిలిపించి, తెర అతనివైపు తిప్పారు.

“నిన్ను అనుమానిస్తిని ఓబులేసూ.”

“తెలుసమ్మా. బీగంచెవి తీసుకున్నప్పుడే తెలిసె.”

“వాళ్లు అడుగుతాండారని నాకెందుకు చెప్పలేదు? జాబెందుకు చెరిపితివి?”

“చెప్పింటే, ఎన్ని దినాల నుంచి అడుగుతాండారు, ఇంతకు ముందు ఏమిచ్చినావు అని అడుగుతారు. మీకాడ నిజం చెప్పాలన్నా భయమమ్మా.”

ఆమె ముఖం అంతగా వాడిపోవడం నేను అంతకుముందు చూడలేదు. బీగంచెవి బల్ల మీద పెట్టి, అతని చేతికి అందేదాకా జరిపారు. అతను తీసుకున్నాడు. ఆ రెండు అంచులు బయటికెలా పోయాయో ఎప్పటికీ తేలలేదు. ఆ తర్వాత కూడా ఆమె దారం లాగి చూడడం మానలేదు. కానీ ఓబులేసన్న ఏదైనా చెబుతుంటే చివరిదాకా విని అప్పుడు ప్రశ్న వేయడం నేర్చుకున్నారు. అది ఆమెకు ఎంత కష్టమో పక్కనున్న నాకు తెలుసు.

ఆ సాయంత్రం నేను స్టేషనుకు బయలుదేరుతుంటే గడప దగ్గర ఓబులేసన్న ఆపాడు.

“నిన్న యాడిదాకా చదివితివి పాపా?”

“సగందాకా అన్నా.”

“సగానికే నమ్మితివా?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. “నమ్మినాను అన్నా,” అన్నాను. అతను తలూపి లోపలికి వెళ్లిపోయాడు.

రుక్మిణమ్మగారు ఇప్పుడు లేరు. నేను ఇరవై ఏళ్లకు దగ్గరగా ఇదే పనిలో ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లు, “మేడం, ప్రోగ్రాము సరిగా పనిచేస్తాంది” అని వస్తే, పనిచేయని చోటు చూపించమంటాను. నేను అనుమానపు మనిషినని వాళ్లు వెనకాల అనుకుంటారని తెలుసు. ఎవరి గురించైనా ఏదైనా నా చెవిన పడితే మనసు ఇప్పటికీ ముందుగా నమ్మేస్తుంది. అది మారలేదు. “ఆయనే” అనే మాట మాత్రం మళ్లీ నా నోటి నుంచి అంత సులువుగా రాలేదు.