తోక కదపని చేపపిల్లలు

మధురవాడ ల్యాబులో నా ఉద్యోగం చేపపిల్లల మెదళ్లు చూడటం. జీబ్రా చేప పిల్ల కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది, ఒళ్లంతా గాజే. దాన్ని జెల్లీలో బిగించి, తోక ఒక్కటి వదిలేస్తాం. తెరమీద నల్లటి నీడ పెద్దదవుతూ మీదికొస్తుంది. బెదిరిన పిల్ల తోక ఝాడిస్తుంది. ఆ క్షణంలో మెదడులో పనిచేసిన కణాలు ఆకుపచ్చగా వెలిగేలా ముందే ఏర్పాటు ఉంటుంది; ఏవి వెలిగాయో చూసి మ్యాపు గీస్తాం. కొన్ని పిల్లలు తోక కదపవు. అయినా లోపల వెలుగు వస్తుంది, అంటే నీడ వాటికి తెలిసినట్టే. వాటిని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని టీ దగ్గర వాదించుకునేవాళ్లం.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీలో క్రేను నడిపే మా అన్నయ్యకు మెదడులో నరం చిట్లింది. ఆస్పత్రి నుంచి కూర్మన్నపాలెం ఇంటికి తెచ్చేశాం. కళ్లు తెరిచే ఉండేవి, పిలిస్తే పలుకు లేదు. పెదవికి చెంచా తగిలితే మాత్రం నోరు తెరిచి జావ మింగేవాడు. వదిన ఆ ఒక్కదాన్నే పట్టుకుని బతికింది.

మావైపు పరామర్శకొచ్చేవాళ్లకు మొహమాటం ఉండదు. మంచం పక్కనే కుర్చీ వేసుకుని, మంచం మీది మనిషి సంగతి తేల్చేస్తారు. ఓ ఆదివారం వదిన తమ్ముడు వచ్చి నాతో అన్నాడు.

“ఆయనెలాగూ లెగడు బావా. రిటైరవకముందే పోతే అక్కకి ఫ్యాక్టరీలో ఉద్యోగమొస్తాది. తర్వాతయితే ఏటొస్తాది?”

తోక కదపని పిల్లలు గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది. “మెల్లగా మాటాడు. ఇంటన్నాడేమో.”

“ఏటింటాడు?” అని నవ్వాడు.

జావ కలుపుతున్న వదిన తలెత్తలేదు. “ఆడు సెప్పింది నిజమే కద బాబూ” అంది. ఆమెను తప్పుపట్టలేను. ఇద్దరు ఆడపిల్లల చదువులు ఆమె నెత్తిమీదున్నాయి.

మర్నాడు పొద్దున చెంచా తగిలినా అన్నయ్య నోరు తెరవలేదు. వదిన ఎంత బతిమాలినా పళ్లు బిగించే ఉన్నాడు. జబ్బు ముదిరింది, మింగే శక్తి పోయింది అన్నాడు డాక్టరు. ముక్కులోంచి గొట్టం వేశారు. వారం తిరక్కుండానే పోయాడు.

వదినకు ఉద్యోగం వచ్చింది. మొన్న డ్యూటీకి బయల్దేరుతూ, చెప్పులేసుకుంటూ అడిగింది.

“ఆ రోజు మీ అన్నయ్య ఇన్నారంటావేటి బాబూ?”

“లేదు వదినా. ఏటీ ఇన్లేదు.”

“మరి నోరెందుకు మూసేసుకున్నారు?”

జబ్బే వదినా, అన్నాను. ఆ మాట నేనే నమ్మడం లేదు.