ఏమైంది బిడ్డా అని అడిగే రోడ్డు

మొన్న ఆదివారం పొద్దున చేవెళ్ల మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని స్కూటర్ మీద వస్తుంటే, ఒక అమ్మాయి చెవుల్లో వైర్లు పెట్టుకుని రోడ్డు పక్కన ఒంటరిగా పరిగెత్తుతూ కనిపించింది. నా చెయ్యి దానంతటదే బ్రేకు మీద పడింది, ఏమైంది బిడ్డా అని అడిగేశాను. ప్రాక్టీస్ ఆంటీ, అని నవ్వి సాగిపోయింది.

మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, హైటెక్ సిటీ మేడలు లేస్తున్న రోజుల్లో భూముల ధరల వేడి చేవెళ్ల దాకా పాకి, రోడ్డు పక్క చేలన్నీ ఒక్కొక్కటిగా ఫామ్‌హౌసుల గోడల వెనక్కి పోయిన కాలం అది. నేను మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పని చేసేదాన్ని, బస్సులో వేలాడలేక చేవెళ్ల నుంచి సైకిల్ మీదే పోయి వచ్చేదాన్ని. పట్నంలో మారథాన్ ఉందని కాలేజీలో ఎవరో అంటే, బడి పందేల్లో ఎప్పుడూ ముందుండేదాన్ని కదా అని ధీమాగా పేరిచ్చేశాను. తీరా చూస్తే, అంత దూరం తొక్కి ఇంటికొచ్చాక పరిగెత్తడానికి పొద్దూ మిగలదు, కాళ్లూ మిగలవు. ఉపాయం చెప్పింది మా బాపే. ఒకరోజు సైకిల్ మీద పోయి, దాన్ని కాలేజీలోనే వదిలి, సాయంత్రం పరుగున ఇంటికి రావాలి. మర్నాడు బస్సులో పోయి సైకిల్ మీద రావాలి.

మొదట్లో నన్నెవరూ పరిగెత్తనియ్యలేదు. మా వైపు ఆడమనిషి రోడ్డు మీద ఉరికిందంటే ఇంట్లో ఎవరికో ఏదో అయినట్టే. బండ్ల మీద పోయేవాళ్లు ఆపి, "ఏమైంది బిడ్డా, దవాఖానకా? ఎక్కు, ఎక్కు" అనేవాళ్లు. కనకమామిడి దగ్గర చాయ్ హోటల్ అవ్వ చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురొచ్చి, సంగతి వినకముందే ఏడ్చేసింది. బస్సు డ్రైవరన్న స్టాపు లేని చోట బస్సు నిలిపేశాడు. చెప్పి చెప్పి నోరు నొచ్చి ఇంటికొచ్చి విసుక్కుంటే, బాపు పడీ పడీ నవ్వి, "నువ్వు ఉరుకుతున్నవ్, ఊరంత పరేషాన్ అయితున్నది" అన్నాడు. తర్వాత తనే దారి పొడుగునా కనిపించిన వాళ్లందరికీ, "మా బిడ్డ పట్నంల పందెం ఉరుకుతది, ఆపకుండ్రి" అని గర్వంగా చెప్పుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత ఎవరూ ఆపలేదు. నన్ను చూస్తే చెయ్యెత్తేవాళ్లు, నేనూ ఎత్తేదాన్ని.

ఒక సాయంత్రం సగం దారిలో ఉండగా నడుముకు కట్టుకున్న చిన్న ఫోను మోగింది. అమ్మ. బాపు టమాట చేనులో కూలిపోయాడని, చేవెళ్ల దవాఖానకు తీసుకుపోతున్నారని, నా కోసమే అడుగుతున్నాడని చెప్పింది. సైకిల్ కాలేజీలో ఉంది. నా వెనక నుంచి చేవెళ్లకే పోయే బస్సు వస్తుంటే, వెనక్కి తిరిగి ఆపమని చెయ్యెత్తాను. డ్రైవరన్న హారన్ కొట్టి, తనూ చెయ్యెత్తి నవ్వుతూ పోయాడు. బండ్ల మీద వాళ్లూ అంతే. అరుద్దామంటే ఊపిరి లేదు. "ఉరుకు బిడ్డా, ఉరుకు!" అన్నారెవరో. భయం గాని ఏడుపు గాని రాలేదు, కాళ్లు ఎవరివో అయినట్టు పోతూనే ఉన్నాయి. చివరికి ఒక కారు ఆగింది, అందులో ఉన్నవాళ్లు నన్ను ఎరగనివాళ్లు. దవాఖాన చేరేసరికి బాపు లేడు.

మారథాన్ కూడా పరిగెత్తాను, ఎందుకో నాకే తెలియదు. మెడలో పతకం వేస్తే దాని బరువు తెలియలేదు. ఎవరి మీదా కోపం రాలేదు, బాపు చెప్పిన మాటే కదా వాళ్లు విన్నది. ఆ సాయంత్రం తనూ నవ్వుతూ చెయ్యెత్తిన హోటల్ అవ్వ మాత్రం చాలా రోజులు నా మొహంలోకి చూడలేకపోయింది.

ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే గండిపేట వైపు నుంచి సైకిళ్లు గుంపులుగా వస్తాయి, పరిగెత్తే ఆడపిల్లలు ఎందరో. వాళ్లను ఎవరూ వింతగా చూడరు, మంచిదే, కానీ ఎవరూ ఆపి అడగరు కూడా. నేను అడుగుతాను. నవ్వుతారు, నవ్వనీ. ఎవరైనా నవ్వకుండా ఎక్కుతారేమోనని, కూరగాయల సంచి ఎంత బరువున్నా కాళ్ల దగ్గరే పెట్టుకుంటాను, వెనక సీటు మీద పెట్టను.